నోరూరడం పాపమా?



ఈ వారం ఒక ఒప్పుకోలుతో మొదలుపెడుతున్నాము. పోయిన ఏడాది మన సంఘములో ఒక సహోదరుడు మా ప్రసంగం వల్ల ఐదు నెలలు మందిరానికి రాలేదు. ప్రసంగంలో అబద్ధం చెప్పలేదు, వాక్యమే చెప్పాము. చెప్పిన రోజు, చెప్పిన తీరు, చెబుతూ చూసిన చూపు, ఇవే తప్పు. ఆయన పేరు రాయము. తెలిసినవారు కూడా ఇక్కడ రాయవద్దు. ఆయన, ఆయన భార్య ఇద్దరూ విని సరే అన్నాకే ఇది మీ ముందు పెడుతున్నాము.

ఆయన తాపీ పని చేస్తాడు. ఇరవై ఏళ్ళ తాగుడు. ఉజ్జీవ సభల ఆఖరి రాత్రి ముందుకు వచ్చి మోకరించాడు. నిజంగానే మానేశాడు. ఆసుపత్రికి తీసుకువెళ్తే డాక్టరుగారు మందులిచ్చారు, చేతుల వణుకు తగ్గింది, మొహం తేటపడింది. భార్య మా పాస్టరమ్మ దగ్గర కూర్చుని, పెళ్ళయిన కొత్తలో ఉన్న మనిషి తిరిగి వచ్చాడమ్మగారూ అని ఏడ్చింది. అలా ఏడు వారాలు గడిచాయి.

ఎనిమిదో శనివారం మేమే ఆయన్ని టౌనుకు పంపాము. మందిరంలో ట్యూబులైట్లు రెండు పోయాయి, పని అయ్యాక తెచ్చిపెట్టు తమ్ముడూ అన్నాము. ఆ రోజు బట్వాడా. జేబులో వారం కూలి ఉంది. ఎలక్ట్రికల్ షాపు ఎక్కడుందో మీకు తెలుసు, సెంటరులో వైన్ షాపు పక్కనే. మాకూ తెలుసు. ఆ సంగతి మా తలకు తట్టనే లేదు. దేవుని పని మీద వెళ్తున్నాడు గదా, దేవుడే కాపాడతాడు అనుకున్నామేమో, అంత కూడా అనుకోలేదేమో.

తర్వాత జరిగింది ఆయన మాటల్లోనే రాస్తాము. “అయ్యగారూ, తాగుదామనుకోలేదు, ఒట్టు. లైట్లు కొని బయటికొచ్చాను. పక్క బండి మీద ఆమ్లెట్ వేస్తున్నాడు. ఉల్లిపాయ మాడిన వాసనొచ్చింది. నోరు ఊరిపోయింది. చేతులకు చెమట పట్టింది. ఎవడో సీసా మూత తిప్పితే టిక్కుమంది. ట్యూబులైట్లు గోడకు ఆనించి పెట్టడం గుర్తుంది.” (ఒట్లు పెట్టుకోకూడదని ఆ వేళ మేము ఆయనకు బోధించలేదు. మనకు ఆ మాత్రం బుద్ధి అప్పటికి వచ్చింది.)

రాత్రికల్లా ఊరంతా తెలిసింది. తెల్లవారితే ఆదివారం. మేము రెండవ పేతురు పత్రిక రెండో అధ్యాయం చివరి వచనం తీశాము. కక్కిన దాని దగ్గరికే తిరిగి వెళ్ళే కుక్క సంగతి అందులో ఉంది గదా, దాని మీద ముప్పావు గంట మాట్లాడాము. మా కళ్ళు మాటిమాటికీ మగవారి వైపు మూడో వరుసకే పోయాయి. కాపరి ఎటు చూస్తే సంఘము అటే చూస్తుంది. ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆరాధన అయ్యాక ఇద్దరు పెద్దలు చేయి కలిపి, ఇవాళ వాక్యం సూటిగా తగిలింది అయ్యగారూ అన్నారు. మేము సంతోషించాము కూడా.

ఐదు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం కాలువ గట్టు మీద ఆయన మాకు ఎదురుపడ్డాడు. తప్పుకుని పోబోతే ఆపి కూర్చోబెట్టాము. అప్పుడు చెప్పాడు: “ఆ శనివారం ఒక్క క్వార్టరే అయ్యగారూ. అది కూడా సగం తాగి ఏడ్చాను. ఆదివారం మందిరానికి వచ్చింది ఒప్పుకుందామనే. మీరు కుక్క అన్నాక ఇంక నాకు పోయేదేముంది అనిపించింది. మందిరం నుంచి నేరుగా అక్కడికే పోయాను.”

ఆ మాట విన్న రాత్రి మేమిద్దరమూ నిద్రపోలేదు. ఒక మనిషి సగం క్వార్టరు దగ్గర ఆగి ఏడ్చి, ప్రభువు దగ్గరికి నడిచి వచ్చాడు. మేము ఆయన్ని ఐదు నెలల తాగుడులోకి పంపించాము.

తర్వాత చదవడం మొదలుపెట్టాము. సెమినరీలో మాకు గ్రీకు క్రియాపదాలు నేర్పారు గాని తాగుబోతు శరీరం ఎలా పనిచేస్తుందో నేర్పలేదు. నేర్పనందుకు వారిని అనడం లేదు, మేమూ అడగలేదు. డాక్టరుగారిని అడిగి తెలుసుకున్నదీ, చదివి తెలుసుకున్నదీ మా మాటల్లో మీకు చెప్తాము.

ముందు ఒక పరీక్ష. పచ్చి మామిడికాయను నిలువుగా కోసి, ఉప్పూ కారం అద్ది, ఇప్పుడే మీ ముందు పెట్టారనుకోండి. ఈ వాక్యం చదువుతుండగానే మీ నాలుక కింద తడి వచ్చి ఉంటుంది. రావాలని మీరు అనుకోలేదు. వద్దనుకున్నా ఆగేది కాదు. మామిడికాయ ఇక్కడ లేదు కూడా, ఉన్నది అక్షరాలే. ఇందులో మీ విశ్వాసం ఏమైనా తగ్గిందా? మారుమనస్సు అబద్ధమైపోయిందా?

మేము ప్రసంగించింది ఒక కుక్క గురించి. తెలుసుకోవలసిన కుక్క ఇంకొకటి ఉంది. రష్యాలో ఇవాన్ పావ్లోవ్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. ఆయన ఒక బోధకుడి కొడుకు. రియజాన్‌లోని సెమినరీలో చదివి, మధ్యలో వదిలి విజ్ఞానశాస్త్రం వైపు వెళ్ళాడు. అరుగుదల మీద చేసిన పనికి 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. కుక్కలకు ఆహారం పెట్టే ముందు ప్రతిసారీ ఒక శబ్దం వినిపిస్తూ వచ్చాడు. కొన్నాళ్ళకు ఆహారం లేకపోయినా ఆ శబ్దం వింటే చాలు, కుక్క నోటి వెంట లాలాజలం కారేది. కుక్క ఆలోచించి నిర్ణయించుకున్నది కాదు అది. దాని శరీరం నేర్చుకుంది.

ఇరవై ఏళ్ళు శనివారం సాయంత్రం ఆరున్నరకు, బట్వాడా డబ్బు చేతిలో పడ్డాక, ఆ సెంటరులో, ఆ ఆమ్లెట్ వాసనలో, ఆ నలుగురి మధ్య తాగిన మనిషి శరీరం ఎన్నిసార్లు ఆ పాఠం నేర్చుకుని ఉంటుంది? వారానికి ఒక్క రోజే అనుకున్నా వెయ్యి సార్లు దాటింది. మోకరించిన రాత్రి ఆయన మనసు తిరిగింది. నోరూ, చేతులూ, గుండే ఆ పాత పాఠం అలాగే దాచుకున్నాయి.

దీన్ని పరిశోధకులు చాలాసార్లు పరీక్షించారు. మద్యానికి బానిసైనవారి చేతికి వారికి ఇష్టమైన మద్యం గ్లాసులో పోసి ఇస్తారు. తాగకూడదు, పట్టుకుని వాసన చూడాలి అంతే. ఇంకోసారి మంచినీళ్ళ గ్లాసు ఇస్తారు. మద్యం గ్లాసు పట్టుకున్నప్పుడు లాలాజలం ఎక్కువ ఊరుతుంది, చెమట పడుతుంది, గుండె వేగం మారుతుంది, తాగాలనే కోరిక పెరిగిందని వారే చెప్తారు. ఒక్క చుక్క లోపలికి పోకముందే ఇదంతా. అయితే అందరికీ ఒకేలా జరగదు. కొందరికి సీసా చూసినా ఏమీ అనిపించదు గాని ఇంట్లో మాటా మాటా పెరిగితే కాళ్ళు అటు లాగుతాయి. కొందరికి పనిలో ఒళ్ళు హూనమైన రోజున. కొందరికి చేతిలో డబ్బు పడగానే. మన సంఘములోనే ఒక అన్నకు వర్షం. చినుకు పడితే చాలు అయ్యగారూ, కప్పు కింద చేరి తాగిన రోజులే గుర్తొస్తాయి అంటాడు. మేము ముందు నవ్వాము. ఆయన నవ్వలేదు.

ఇంకొక సంగతి మమ్మల్ని ఆలోచింపజేసింది. స్విట్జర్లాండ్‌లో వుల్ఫ్రమ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త 1990లలో కోతుల మెదడును పరిశీలించాడు. కోతికి పండ్ల రసం ఇచ్చినప్పుడు మెదడులో డోపమిన్ కణాలు చురుకయ్యేవి. రసానికి ముందు ఒక గుర్తు చూపించడం అలవాటు చేశాక, ఆ కణాలు రసం దగ్గర కాక గుర్తు కనబడగానే చురుకవడం మొదలుపెట్టాయి. గుర్తు చూపించి రసం ఇవ్వకపోతే, రసం రావలసిన సమయానికి అవి మామూలు కన్నా కిందికి పడిపోయాయి. మనుషుల సంగతి కోతుల సంగతంత సులువు కాదని మాకు తెలుసు. కానీ ఆ సెంటరు దాటి తాగకుండా ఇంటికి వచ్చిన మనిషి ఎందుకంత చిరాకుగా, ఏదో పోగొట్టుకున్నవాడిలా ఉంటాడో మాకు కొంచెం అర్థమైంది. ఆ సాయంత్రం భార్య, ఇవాళ తాగలేదుగా, మొహం అలా పెట్టావేం అని అడుగుతుంది. అక్కలారా, చెల్లెళ్ళారా, మీ తప్పని అనడం లేదు. ఆ ఒక్క గంట వదిలేయండి. ముందు అన్నం పెట్టండి.

సగం క్వార్టరు దగ్గర ఏడ్చిన మనిషి మందిరం నుంచి మళ్ళీ షాపుకు ఎందుకు వెళ్ళాడన్నదానికి కూడా జవాబు దొరికింది. అమెరికాలో అలన్ మార్లట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తాగుడు మానినవారు తిరిగి పడిపోవడం మీదనే జీవితమంతా పనిచేశాడు. ఒక్కసారి జారడం వేరు, పూర్తిగా పడిపోవడం వేరు అన్నాడు. జారిన మనిషి ‘నేనింతే, నాలో ఏమీ లేదు, అంతా అయిపోయింది’ అనుకుంటే, ఆ సిగ్గే రెండో గ్లాసుకు, మూడో గ్లాసుకు తోస్తుందని చూపించాడు. అది చదివినప్పుడు మా ప్రసంగం మాకే వినబడింది. నీవింతే, కుక్కవు అని మేము చెప్పాము. ఆయన నమ్మాడు.

ఈ మార్లట్టే 1973లో ఇంకో విచిత్రమైన పరీక్ష చేశాడు. తాగుడుకు బానిసైనవారిలో కొందరికి వోడ్కా కలిసిందని చెప్పి ఉత్త టానిక్ నీళ్ళు ఇచ్చారు. ఇంకొందరికి ఉత్త నీళ్ళేనని చెప్పి నిజంగా వోడ్కా కలిపి ఇచ్చారు. ఎవరు ఎక్కువ తాగారు? మద్యం ఉందని నమ్మినవారు. గ్లాసులో ఏముందన్నది కాదు, ఏముందని అనుకున్నారన్నదే వారిని నడిపించింది. ‘ఒక్క చుక్క పడితే నా చేతుల్లో ఉండదు’ అని మనం ఊరంతా అంటూ ఉంటే, ఆ మాట కూడా ఒక సీసాయే.

ఇక్కడ మన పెద్దల్లో ఒకాయన అడిగిన ప్రశ్న చెప్పాలి. “అయితే అయ్యగారూ, వాడి తప్పేమీ లేదంటారా? శరీరం, మెదడు అంటే అందరూ తప్పించుకోవచ్చు. దేవుని శక్తి ఏమైంది?” న్యాయమైన ప్రశ్నే. తప్పు ఉంది. నోరూరడం తప్పు కాదు, ట్యూబులైట్లు గోడకు ఆనించి పెట్టడం తప్పు. ఆ రెండింటి మధ్య కొంత వ్యవధి ఉంది. యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయంలో దురాశ గర్భం దాల్చి, ఆ తర్వాత పాపాన్ని కంటుందని చెప్పినప్పుడు, ఆ రెంటికీ నడుమ కాలం ఉందనే గదా చెప్పాడు. డాక్టరుగారు కూడా అదే అన్నారు: ఆ తహతహ అల లాంటిది, లేస్తుంది, పెరుగుతుంది, తాగకుండా ఓర్చుకుంటే చాలామందికి అరగంటలోపే తగ్గుముఖం పడుతుంది. సంఘము పని ఆ అరగంటలో ఉంది. మనము మాత్రం ఎప్పుడూ ఆదివారం ఉదయం, అంతా అయిపోయాక, ప్రసంగంతో వస్తున్నాము.

దేవుని శక్తి గురించి: ఒక్క రాత్రిలో తాగుడు నుంచి విడుదల పొందినవారు మన మధ్య ఉన్నారు. మా సొంత మామయ్య అలాంటివాడే. ఆ రాత్రి తర్వాత ఆ వాసన తగిలితే వాంతి వచ్చేదని చెప్పేవాడు. దేవునికి స్తోత్రము. కానీ ఒకరికి ప్రభువు అలా చేశాడని, మరొకరికి రోజూ పోరాటం ఇచ్చినప్పుడు వాడి మారుమనస్సు దొంగది అనడానికి మనమెవరం? బైబిలులో ఈ విషయం మీద మేము ఇన్నాళ్ళూ గమనించకుండా దాటేసిన చోట్లు చాలా ఉన్నాయి. సంఖ్యాకాండము ఆరో అధ్యాయంలో నాజీరుకు మద్యం ఒక్కటే నిషేధం కాదు. పచ్చి ద్రాక్షలు తినకూడదు, ఎండు ద్రాక్షలు తినకూడదు, గింజ నుంచి తోలు దాకా దేన్నీ ముట్టకూడదు. గింజలో మత్తు ఏముంది? ఏమీ లేదు. సామెతలు ఇరవై మూడో అధ్యాయంలో జ్ఞాని తాగవద్దని మాత్రమే చెప్పి ఊరుకోలేదు, గిన్నెలో అది మెరుస్తున్నప్పుడు దాని వైపు చూడనే వద్దన్నాడు. యోసేపు పోతీఫరు ఇంట్లో నిలబడి వాదించలేదు, పైబట్ట వదిలి పారిపోయాడు. ప్రభువే మనకు నేర్పిన ప్రార్థనలో శోధనను జయించే శక్తి ఇమ్మని ముందు అడగమనలేదు, అందులోకి తేవద్దని అడగమన్నాడు.

మాకు అన్నిటికంటే ఇష్టమైనది యిర్మీయా ముప్పై ఐదో అధ్యాయం. రేకాబీయుల పితరుడైన యోనాదాబు వారికి ద్రాక్షారసం తాగవద్దని చెప్పడంతో ఆగలేదు, ద్రాక్షతోటే వేయవద్దన్నాడు, ఉన్నా ఉంచుకోవద్దన్నాడు. దారి మొదట్లోనే కంచె వేశాడు. తర్వాత యిర్మీయా వారిని దేవుని మందిరంలోకి తీసుకువచ్చి, వారి ముందు నిండు పాత్రలు పెట్టి తాగమంటే, తాగమన్నారు. వారు గట్టివారు, నిజమే. కానీ ఎన్ని తరాల కంచె ఆ గట్టితనం వెనుక ఉందో చూడండి. మన తాపీ తమ్ముడికి ఏడు వారాల కంచె. అందులో గేటు మేమే తీశాము, ట్యూబులైట్ల కోసం.

ఈ కంచె సంగతి మన ఆడవాళ్ళకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా దుకాణం మీదికి వెళ్ళారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. నిషేధం నిలవలేదని నవ్వేవారు ఉన్నారు. రాజకీయం మేము మాట్లాడము. కానీ ఆ తల్లులు భర్తలను మాత్రమే తిట్టి ఊరుకోలేదు, దుకాణాన్ని కళ్ళ ముందు నుంచి తీసేయమన్నారు. మనం ఇప్పటికీ మనిషినే తిడుతున్నాము.

డీ-అడిక్షన్ సెంటరుకు పంపినవారి విషయంలోనూ మనకు ఒక అపోహ ఉంది. నెల రోజులు అక్కడ ఉన్నంతకాలం బంగారంలా ఉన్నాడు, ఇంటికి వచ్చిన మూడో రోజు తాగాడు, డబ్బు దండగ అంటాము. సెంటరులో ఆ సెంటరు గోడలే ఉన్నాయి. ఆమ్లెట్ బండి లేదు, బట్వాడా లేదు, పక్కింటి బావగారి మోటారు సైకిల్ హారన్ లేదు. అక్కడ తగ్గిన కోరిక ఇక్కడ తగ్గినట్టు కాదు. ఇందుకు తిరగేసిన ఉదాహరణ ఒకటి ఉంది, అది మద్యం కాదు హెరాయిన్. వియత్నాం యుద్ధంలో ఆ మత్తుకు బానిసలైన అమెరికా సైనికులను, దేశానికి తిరిగి వచ్చాక లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వెతికి వెతికి కలిసింది. మొదటి ఏడాదిలో మళ్ళీ బానిసలైనది నూటికి ఐదుగురే. వారు యుద్ధభూమిని వదిలి ఇంటికి వచ్చారు. మనవాళ్ళు ఆసుపత్రి వదిలి యుద్ధభూమికి వస్తున్నారు. పైగా మానేసిన మొదటి వారాల్లో ఈ తహతహ తగ్గకపోగా పెరగవచ్చని కూడా చదివాము. రెండు నెలలైంది గదా, ఇంక భయం లేదు అని మనం చేయి వదిలే సమయం అదే.

ఒక మాట ఇక్కడ తప్పకుండా చెప్పాలి. రోజూ ఎక్కువగా తాగేవారిని ప్రార్థన చేయించి ఆ పూటే మాన్పించకండి. ఒక్కసారిగా ఆపితే కొందరికి మూర్ఛ వస్తుంది, మతి తప్పుతుంది, ప్రాణం పోయే ప్రమాదం కూడా ఉంది. ముందు డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. కోరిక తగ్గించే మందులు ఉన్నాయి. మందు వాడితే విశ్వాసం తక్కువ అన్నవారిని మా దగ్గరికి పంపండి, వారు షుగరు మాత్ర ఎందుకు వేసుకుంటున్నారో అడుగుతాము. ప్రభుత్వం వారి ఉచిత సహాయవాణి 14446 ఉంది.

ఇప్పుడు మన సంఘము సంగతి. మూడు విషయాల్లో మాకు గట్టి అభిప్రాయం ఉంది, కొందరికి నచ్చదు.

పెళ్ళిళ్ళు. ముందు పందిట్లో మేము దీవిస్తూ ఉంటాము, వెనక కొబ్బరిచెట్ల కింద చుట్టాలకు ‘ఏర్పాటు’ జరుగుతూ ఉంటుంది. అందరికీ తెలుసు, మాకూ తెలుసు. మానడానికి పోరాడుతున్న నలుగురు ఆ పందిట్లోనే భోజనానికి కూర్చుంటారు. రోమా పద్నాలుగో అధ్యాయంలో పౌలు, సహోదరుడికి అడ్డమైతే మాంసమే మానుకోవడం మంచిదన్నాడు. చుట్టాలు అలిగితే అలగనీయండి. ఇకమీదట వెనక ఏర్పాటు ఉన్న పెళ్ళికి మేము రాము. ఇది బెదిరింపు కాదు, ఆ నలుగురితో కలిసి మేము వేరే చోట భోంచేస్తాము.

సాక్ష్యాలు. నేను ఎంత తాగానో, ఏ బ్రాండు తాగానో, ఎలా తూలానో అని అరగంట చెప్పి, ఆఖరి నిమిషంలో ప్రభువు విడిపించాడని ముగించే సాక్ష్యాలు ఇంక వద్దు. వినేవారు నవ్వుతారు, సాక్ష్యం రక్తి కడుతుంది. మామిడికాయ సంగతి గుర్తు తెచ్చుకోండి. మూడో వరుసలో ఒకరికి నోరు ఊరుతూ ఉంటుంది. మానేసి మూడు నెలలు కాకుండానే మైకు చేతికిచ్చే అలవాటు కూడా మాదే, దాన్ని ఆపేస్తున్నాము.

ప్రభువు బల్ల. కొన్ని సంఘాలలో పులిసిన ద్రాక్షారసమే వాడతారు, వారిని తప్పు పట్టము. మన దగ్గర ఇకమీదట పులియని రసమే. ఇది కొత్త బోధ కాదు. 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు విశ్వాసి, ద్రాక్షరసం పులియకుండా వేడిచేసి సీసాల్లో పెట్టే పద్ధతి కనిపెట్టింది ప్రభువు బల్ల కోసమే. మన తమ్ముడు తిరిగి వచ్చిన మొదటి ఆదివారం గిన్నె తన దగ్గరికి వచ్చినప్పుడు ముక్కు దగ్గర ఆపి మా వైపు చూశాడు. మేము తల ఊపాము. తాగాడు. ఆ ఒక్క చూపుకైనా మేము ఆ గిన్నె మార్చాలి.

1935 మే నెలలో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే వ్యాపారి ఒక హోటల్ వరండాలో నిలబడి ఉన్నాడు. తాగుడు మానేసి ఐదు నెలలు. వచ్చిన పని చెడిపోయింది, ఒంటరిగా ఉన్నాడు. ఒక పక్క బార్ లోంచి నవ్వులు వినిపిస్తున్నాయి, ఇంకో పక్క గోడ మీద ఆ ఊరి చర్చిల పట్టిక ఉంది, దగ్గరలో టెలిఫోను ఉంది. బార్ లోకి వెళ్ళకుండా ఒక బోధకుడికి ఫోను చేశాడు. ఆ బోధకుడు ప్రసంగం చేయలేదు, మాట్లాడగలిగినవారి పేర్లు ఇచ్చాడు. ఆ దారిలోనే డాక్టర్ బాబ్ అనే మరో తాగుబోతు పరిచయమయ్యాడు, ఇద్దరూ గంటలకొద్దీ మాట్లాడుకున్నారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అలా పుట్టింది. అయితే ఆ డాక్టర్ బాబ్ మానేసిన కొద్ది వారాలకే వైద్యుల సమావేశానికని అట్లాంటిక్ సిటీ వెళ్ళి మళ్ళీ తాగి వచ్చాడు. విల్సన్ ఆయన్ని కుక్క అనలేదు, దగ్గర కూర్చున్నాడు. ఆయన ఆఖరి గుక్క 1935 జూన్ 10న. ఆ రోజునే వారు తమ పుట్టినరోజుగా లెక్కిస్తారు.

అది చదివాక మా ఫోను నంబరు ఒక చీటీ మీద రాసి ఆ తమ్ముడి జేబులో, బట్వాడా డబ్బు పెట్టుకునే జేబులోనే పెట్టాము. కూలి డబ్బు ఇప్పుడు మేస్త్రిగారు నేరుగా భార్య ఫోనుకు పంపిస్తున్నారు, ఇది ఆయన అడిగిందే. పని నుంచి సెంటరు మీదుగా రాకుండా కాలువ గట్టున తిరిగి వస్తాడు, కిలోమీటరు పైగా ఎక్కువ నడక. ఆరు గంటలకు మందిరం దగ్గర ముగ్గురు నలుగురు కలుస్తారు. పాటలు తక్కువ, భోజనం ముందు. ఆకలితో ఉన్నవాడికి అల పెద్దగా లేస్తుందని మా అనుభవంలో చూశాము.

రెండు వారాల కిందట గట్టు మీద వంతెన పనులు జరుగుతున్నాయని దారి మూసేశారు. ఏడు గంటలకు ఫోను మోగింది. “అయ్యగారూ, సెంటరులో ఉన్నాను. ఊరుతోంది.” మేము బండి తీసేసరికి ఫోను పెట్టేయవద్దు తమ్ముడూ, మాట్లాడుతూ ఉండు అన్నాము. ఏం మాట్లాడమంటారు అన్నాడు. నోటికి ఏమీ రాక, ఇవాళ ఎన్ని ఇటుకలు పేర్చావు అని అడిగాము. లెక్క చెప్పడం మొదలుపెట్టాడు. మేము వెళ్ళేసరికి ఎలక్ట్రికల్ షాపు మెట్ల మీద కూర్చుని, ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, ఇంకా గోడ లెక్క చెబుతున్నాడు.

వంతెన పని సంక్రాంతి దాకా అవదట. శనివారాలు ఆయన్ని తీసుకురావడానికి సైకిలో మోటారు సైకిలో ఉన్నవారు ఇద్దరు కావాలి. ఈ శనివారం వంట మా ఇంటి వంతు, పప్పుచారు, ఎండుచేపలు. వచ్చే శనివారానికి ఇంకా ఎవరూ పేరు ఇవ్వలేదు. పాస్టరమ్మకు చెప్పండి.